మూత్రాశయం నొప్పికి నరాల బ్లాక్: ఆ కొన్ని గంటలు ఏం చెబుతాయి?

గత ఎపిసోడ్‌లో మూత్రంలో ఇన్ఫెక్షన్ గురించి మాట్లాడుకున్నాం. అది చూసినవాళ్ళు చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. "డాక్టరు గారూ, మాకు ఇన్ఫెక్షన్ లేదంటున్నారు, కల్చర్‌లో ఏమీ పెరగలేదంటున్నారు, స్కానింగ్ నార్మల్ అంటున్నారు. మరి ఈ నొప్పి ఎక్కడిది?" ఇంకొంతమంది, "నడుములో ఇంజెక్షన్ ఇస్తే ఈ నొప్పి పోతుందట, నిజమేనా? నరం చచ్చిపోదు కదా?" అని అడిగారు. ఇవాళ ఆ రెండో ప్రశ్న గురించి చెబుతాను. కానీ మొదటిదానికి జవాబు చెప్పకుండా రెండోది చెప్పలేను. కొంచెం ఓపిక పట్టండి.

ఈ జబ్బుని ఇదివరకు ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ అనేవాళ్ళం. ఇప్పుడు ఎక్కువగా బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్ అంటున్నాం. మామూలు ఇన్ఫెక్షన్‌కీ దీనికీ తేడా మీరే గుర్తుపట్టొచ్చు. ఇన్ఫెక్షన్‌లో మూత్రం పోసేటప్పుడు మంట. ఇందులో చాలామందికి పోసే ముందు నొప్పి, బ్లాడర్ నిండుతున్నకొద్దీ పొత్తికడుపులో పొడుస్తున్నట్టు, పిండుతున్నట్టు. వెళ్ళి వస్తే కాసేపు హాయి. మళ్ళీ కొంచెం నిండగానే మొదలు. అందుకే వీళ్ళు పగలు ఇరవైసార్లు వెళ్తారు, రాత్రి నాలుగైదుసార్లు లేస్తారు. లీక్ అవుతుందని భయపడి కాదు, నొప్పి తట్టుకోలేక వెళ్తారు. బయటికి వెళ్ళాలంటే ముందు బాత్రూమ్ ఎక్కడుందో కనుక్కుంటారు. పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేస్తారు. బస్సెక్కాలంటే ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్ళు తాగడం మానేస్తారు. దాంతో మూత్రం చిక్కబడి మంట ఇంకా పెరుగుతుంది.

ఆడవాళ్ళలో ఎక్కువ. మగవాళ్ళలోనూ ఉంది, కాకపోతే వాళ్ళకి ప్రోస్టేట్ వాపు అని పేరు పెట్టి ఏళ్ళ తరబడి దానికే మందులు వాడుతుంటారు. కొంతమందిలో బ్లాడర్ లోపలి పొర మీద ఎర్రగా పుండులాంటి మచ్చలు కనబడతాయి. అమెరికాలో గై హన్నర్ అనే స్త్రీల వైద్యుడు 1915లో వాటి గురించి రాశాడు, అందుకే హన్నర్ లీజన్స్ అంటాం. అవి ఉన్నవాళ్ళకి దారి వేరు. కెమెరా పెట్టి చూసి వాటిని అక్కడికక్కడే కాల్చేస్తే, లేదా వాటిలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే, చాలామందికి బాగా తగ్గుతుంది. అలాంటివాళ్ళు ముందే నా దగ్గరికి, అంటే నొప్పి డాక్టరు దగ్గరికి, రావాల్సిన అవసరం లేదు. యూరాలజిస్టు దగ్గరే పని అయిపోతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. బ్లాక్ అనేది నొప్పిని ఆపుతుంది. కారణాన్ని ఆపదు. మన ప్రాంతంలో మర్చిపోకూడని కారణం ఒకటుంది, మూత్ర వ్యవస్థకి వచ్చే టీబీ. యూరిన్‌లో పస్ సెల్స్ కనబడతాయి, మామూలు కల్చర్‌లో ఏమీ పెరగదు. అచ్చం మనం చెప్పుకుంటున్న జబ్బులాగే ఉంటుంది. దాన్ని పట్టుకోకపోతే బ్లాడర్ మెల్లగా గట్టిపడి, ముడుచుకుపోయి, చివరికి అంగుష్ఠానా అంత అయిపోతుంది. కిడ్నీ కూడా దెబ్బతింటుంది. పొద్దున్నే మొదటి మూత్రం వరసగా కొన్ని రోజులు ఇచ్చి టీబీకి ప్రత్యేకంగా పరీక్ష చేయించాలి, జీన్ ఎక్స్‌పర్ట్ లాంటివి ఉన్నాయి. అలాగే పొగతాగే అలవాటు ఉండి, వయసు నలభై దాటి, మూత్రంలో రక్తం కనబడితే బ్లాడర్ క్యాన్సర్ లేదని తేల్చుకోవాలి. మూత్రనాళం కింది చివర రాయి ఇరుక్కున్నా, ఎండోమెట్రియోసిస్ ఉన్నా ఇదే రకం బాధ. ఇవేవీ చూడకుండా, అందులోనూ స్టెరాయిడ్ కలిపి బ్లాక్ ఇచ్చారనుకోండి. నొప్పి తగ్గుతుంది, పేషెంటు సంతోషిస్తారు, లోపల జబ్బు తన పని తను చేసుకుపోతుంది. అందుకని ఎవరైనా మొదటి విజిట్‌లోనే "పడుకోండి, ఇంజెక్షన్ ఇచ్చేస్తా" అంటే, దయచేసి పడుకోకండి.

సరే, ఇవన్నీ లేవని తేలింది. ఇప్పుడు నరాల సంగతి.

(బొమ్మ చూపిస్తూ) ఇది బ్లాడర్. దీని కబురు మెదడుకి వెళ్ళడానికి దారులున్నాయి. ఒకటి, పిరుదుల మధ్య పైన ఉండే త్రికోణం ఎముకలోంచి వచ్చే రెండు, మూడు, నాలుగో నరాల గుండా. బ్లాడర్ నిండిందన్న కబురు ముఖ్యంగా ఇటు వెళ్తుంది. మూత్రం పోయడానికి బ్లాడర్ ముడుచుకోవాలన్న ఆర్డర్ కూడా ఈ దారినే వస్తుంది. రెండోది, నడుము ఆఖరి పూస దగ్గర వెన్నెముకకి ముందువైపు ఒక నరాల వల ఉంటుంది, సుపీరియర్ హైపోగాస్ట్రిక్ ప్లెక్సస్ అంటాం. బ్లాడర్, గర్భసంచి లాంటి లోపలి అవయవాల నొప్పి కొంత దీని గుండా పైకి వెళ్తుంది. మూడోది ప్యుడెండల్ నరం. ఇది బ్లాడర్‌ది కాదు, దాని పొరుగుది. మూత్రద్వారం, యోని చుట్టూ చర్మం, మగవాళ్ళలో అంగం, మలద్వారం, కింద తొట్టిలా పట్టుకుని ఉండే కండరాలు, ఇవన్నీ దీని కింద. ఏళ్ళ తరబడి బ్లాడర్ నొప్పి ఉన్నవాళ్ళలో ఆ కండరాలు పట్టేసి ఉంటాయి. అప్పుడు నొప్పి బ్లాడర్‌దా, కండరాలదా, రెండిటిదా అన్నది పేషెంటు చెప్పలేరు. నేను కూడా చెయ్యి పెట్టి చూసి పూర్తిగా చెప్పలేను.

ఇంట్లో ఎక్కడో షార్ట్ అవుతుంటే లైన్‌మేన్ ఏం చేస్తాడు? గోడలు పగలగొట్టడు. ఒక్కొక్క ఫ్యూజు తీసి చూస్తాడు. బ్లాక్ అంటే మొదట అదే. ఒక నరం దగ్గర మత్తుమందు పెట్టి కొన్ని గంటలు దాన్ని నిద్రపుచ్చుతాం. పన్ను పీకేటప్పుడు చిగురుకి ఇచ్చే ఇంజెక్షన్ లాంటిదే, అదే కుటుంబం మందులు, లిగ్నోకెయిన్, బుపివకెయిన్. పన్ను ఇంజెక్షన్ తర్వాత సాయంత్రానికి పెదవి మామూలైపోయింది కదా? ఈ నరమూ అంతే. చచ్చిపోదు. నరాన్ని చంపే మందులు వేరే ఉన్నాయి, ఫినాల్, ఆల్కహాల్ లాంటివి. అవి ముఖ్యంగా క్యాన్సర్ నొప్పికి. ఈ ప్లెక్సస్ బ్లాక్‌ని 1990లో మెక్సికోకి చెందిన ప్లాంకార్టె, ఆయనతో పనిచేసినవాళ్ళు ప్రచురించింది కూడా కటి భాగంలో క్యాన్సర్ ఉన్న పేషెంట్ల కోసమే. క్యాన్సర్ లేని, ఇంకా నలభై ఏళ్ళు బతకాల్సిన మనిషికి మనం మామూలు మత్తుమందే వాడతాం.

ఎలా చేస్తారో త్వరగా చెబుతాను. ప్లెక్సస్ బ్లాక్‌కి బోర్లా పడుకోబెట్టి, పొట్ట కింద దిండు పెట్టి, సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే మెషిన్‌లో చూస్తూ, నడుముకి పక్కనుంచి సన్నటి పొడవాటి సూది పంపిస్తాం. చర్మానికి ముందే మత్తు ఇస్తాం. సూది సరైనచోట ఉందో లేదో డై వేసి చూసి, అప్పుడు మందు. అరగంట పని. ప్యుడెండల్ బ్లాక్ పిరుదు వైపు నుంచి, అల్ట్రాసౌండ్‌తోనో ఎక్స్‌రేతోనో చేస్తాం. రెండిటికీ అదే రోజు ఇంటికి పంపిస్తాం, పక్కన ఒక మనిషి ఉండాలి. "సిజేరియన్‌కి నడుములో ఇంజెక్షన్ ఇచ్చారు, అప్పట్నుంచీ నడుం నొప్పి, మళ్ళీ నడుములోనా?" అని భయపడేవాళ్ళు చాలామంది. ఇది ఆ ఇంజెక్షన్ కాదు. అది వెన్నుపాము చుట్టూ ఉండే నీళ్ళలోకి వెళ్తుంది. ఇది పూసకి అవతల, ముందువైపుకి వెళ్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇంజెక్షన్ అయిపోయాక చాలామంది ఏం చేస్తారంటే, బాత్రూమ్‌కి వెళ్ళొచ్చి, కాస్త కాఫీ తాగి, మంచం మీద పడుకుంటారు. డాక్టరు వచ్చి "ఎలా ఉంది?" అంటే "బాగుందండీ" అంటారు. ఖాళీ బ్లాడర్‌తో, పడుకుని, బాగుండక ఏమవుతుంది? మన నొప్పి నిండినప్పుడు వచ్చేది. కాబట్టి పరీక్ష కూడా నిండినప్పుడే జరగాలి. నా పేషెంట్లకి నేను చెప్పేది ఏంటంటే, ఇంజెక్షన్ అయిన తర్వాత నర్సు సరే అన్నాక రెండు గ్లాసులు నీళ్ళు తాగండి. కూర్చోండి, కాస్త నడవండి. వెంటనే బాత్రూమ్‌కి పరిగెత్తకండి, కాసేపు ఆపి చూడండి. పదికి ఎంత నొప్పి ఉందో గంటగంటకీ కాగితం మీద రాయండి. ఎంత మూత్రం వచ్చిందో కొలత గ్లాసులో కొలిచి రాయండి. రోజూ నూట యాభై మిల్లీలీటర్లకే విలవిల్లాడే మనిషి ఆ రోజు మూడు వందలు పట్టుకోగలిగితే, అది నాకు "బాగుందండీ" కంటే వంద రెట్లు ఎక్కువ చెబుతుంది.

ఆ కాగితం చూసి నేనేం చదువుతాను? ప్యుడెండల్ బ్లాక్ ఇచ్చాం, కింద చర్మం మొద్దుబారింది, కానీ బ్లాడర్ నిండితే నొప్పి అలాగే ఉంది. అంటే ఇంజెక్షన్ సరిగ్గానే పడింది, నొప్పి ఆ నరానిది కాదు. ఇది ఫెయిల్ అయినట్టు కాదండీ, ఒక ఫ్యూజు లెక్కలోంచి తీసేశాం. చర్మం మొద్దుబారనే లేదు, నొప్పీ తగ్గలేదు, అప్పుడు మందు సరైన చోట పడలేదేమో అని అనుమానించాలి. ప్లెక్సస్ బ్లాక్‌లో చర్మం మొద్దుబారదు, అక్కడ సాక్ష్యం డై బొమ్మే. అందుకే ఆ ఎక్స్‌రే ఫొటోలు మీ ఫైల్లో ఉండేలా అడిగి తీసుకోండి. ఇంకోటి, "ఇంజెక్షన్ ఇచ్చారు కదా" అన్న నమ్మకానికే కొంత తగ్గుతుంది, ఎవరికైనా, నాకైనా. ఆ అనుమానం ఉంటే రెండోసారి వేరే మత్తుమందు వాడి చూస్తాం. లిగ్నోకెయిన్ తక్కువసేపు, బుపివకెయిన్ ఎక్కువసేపు. ఉపశమనం కూడా ఆ లెక్క ప్రకారమే ఉంటే నమ్మొచ్చు.

ఒక చిన్న గుర్తు కూడా చెబుతాను. ఫ్రాన్స్‌లోని నాంత్ నగరం పేరు మీద ప్యుడెండల్ నరం నొప్పికి 2008లో ప్రచురించిన ప్రమాణాలు ఉన్నాయి. కూర్చుంటే పెరగడం, నొప్పికి రాత్రి నిద్రలోంచి మెలకువ రాకపోవడం, బ్లాక్ ఇస్తే తగ్గడం, ఇవి అందులో ఉన్నాయి. మన బ్లాడర్ పేషెంట్లు రాత్రంతా లేస్తూనే ఉంటారు కదా. కాబట్టి "కూర్చుంటే నరకం, పడుకుంటే తెల్లారేదాకా నిద్ర" అన్న పేషెంటుని చూస్తే, ముందు ప్యుడెండల్ నరం వైపు చూస్తాను.

ఒక పేషెంటు గురించి చెబుతాను. ఒకే మనిషి కాదు, ఇద్దరు ముగ్గురివి కలిపి, గుర్తుపట్టకుండా చెబుతున్నా. బస్సు కండక్టరమ్మ, నలభై దాటింది. ఏడేళ్ళ నుంచి నొప్పి. ఎన్ని కోర్సులు యాంటీబయాటిక్స్ వాడిందో ఆమెకే గుర్తులేదు, ఫైల్లో కల్చర్ రిపోర్టులు చూస్తే దాదాపు అన్నీ ఖాళీ. ఒకచోట "ఇదంతా నీ మనసులో ఉందమ్మా" అన్నారట. డ్యూటీలో బస్సు ఆపమని డ్రైవర్‌ని రోజూ అడగలేదు కదా. నీళ్ళు మానేసింది. తర్వాత డ్యూటీ కూడా మానేసే పరిస్థితి వచ్చింది. భర్తతో దగ్గరగా ఉండటం కూడా నొప్పే, ఆ మాట చెప్పడానికి ఆమెకి మూడో విజిట్ పట్టింది.

టీబీ లేదు, కెమెరాలో పుండ్లు లేవు. కింద కండరాలు రాయిలా ఉన్నాయి. ముందు ప్యుడెండల్ బ్లాక్ చేశాం. కండరాల బిగువు తగ్గింది, కూర్చోవడం తేలికైంది, కానీ బ్లాడర్ నిండే నొప్పి కదల్లేదు. "డబ్బులు దండగ అయ్యాయి డాక్టరు గారూ" అంది. మూడు వారాల తర్వాత ప్లెక్సస్ బ్లాక్. ఆ సాయంత్రం ఫోన్ చేసింది. ఎనిమిది ఉండే నొప్పి మూడుకి వచ్చింది. "డాక్టరు గారూ, ఇంతసేపు ఆపుకోగలనని నాకే తెలీదు" అంది. అది అయిదారు గంటలు. మర్నాటికి కొంత తిరిగొచ్చింది, కానీ పూర్తిగా కాదు. ఓ మూడు వారాలు నాలుగు, అయిదు దగ్గర ఉండిపోయింది.

మందు పని చేసేది గంటలే అయితే, వారాలు ఎందుకు తగ్గిందీ? ఏళ్ళ తరబడి నొప్పి కబుర్లు వెళ్ళి వెళ్ళి వెన్నుపాము, మెదడు రాటుదేలతాయి. మామూలు నిండుదనాన్ని కూడా నొప్పిగా వినిపిస్తాయి, రేడియోలో సౌండ్ చివరికంటా తిప్పేసినట్టు. కొన్ని గంటలు కబురు ఆగితే కొంతమందిలో ఆ సౌండ్ కాస్త దిగుతుంది. కండరాలు కూడా వదులవుతాయి. ఇది అందరిలో జరగదు. ఈ బ్లాకుల మీద బ్లాడర్ నొప్పికి ప్రత్యేకంగా జరిగిన అధ్యయనాలు చిన్నవి, అందుకే యూరాలజీ మార్గదర్శకాల్లో ఇది మొదటి వరస వైద్యం కాదు. మిగతావాటితో కలిపి, నొప్పి డాక్టర్ చేతుల్లో వాడే పనిముట్టు. "ఒక్క ఇంజెక్షన్‌తో శాశ్వత పరిష్కారం" అని ఎక్కడైనా బోర్డు కనబడితే, ఆ బోర్డు చదివి ముందుకి నడిచిపోండి.

మరి ఆ మూడు వారాలు ఏం చేశాం? నా దృష్టిలో వైద్యం అక్కడే ఉంది. గంట కూడా ఆపుకోలేని మనిషికి "కొంచెం కొంచెం టైమ్ పెంచమ్మా" అని చెబితే తిట్టుకుంటుంది, న్యాయమే. నొప్పి నాలుగులో ఉన్నప్పుడు అదే మాట చెప్పొచ్చు. వారానికి పది, పదిహేను నిమిషాలు పెంచుకుంటూ వెళ్ళింది. ఫిజియోథెరపిస్టు దగ్గర కటి కండరాలు వదులు చేసే వ్యాయామాలు. గమనించండి, వదులు చేసేవి. కెగెల్ అని ఫోన్లో చూసి బిగించే వ్యాయామాలు చేసేవాళ్ళున్నారు, ఈ జబ్బులో అవి నొప్పి పెంచుతాయి. రాత్రి అమిట్రిప్టిలిన్ చిన్న డోసు, పది మిల్లీగ్రాములతో మొదలుపెట్టాం. మెడికల్ షాపులో "ఇది డిప్రెషన్ మందమ్మా" అంటారు, ఇంటికొచ్చి పక్కన పడేస్తారు. ఆ చిన్న డోసులో అది నరాల నొప్పికి, నిద్రకి. ఇంత సౌండున్న రేడియోని దించే మందు అనుకోండి. గుండె జబ్బు, కంట్లో నీటి కాసులు, మూత్రం పూర్తిగా రాకపోవడం ఉంటే ముందే చెప్పాలి.

తిండి సంగతి అందరికీ ఒకటే లిస్టు ఇవ్వను. టీ, కాఫీ, నిమ్మ, టమోటా, కారం, కూల్ డ్రింకులు చాలామందికి మంట పెంచుతాయి. మన చారు, పులుసు, ఆవకాయ అన్నీ ఈ లిస్టులోకే వస్తాయని తెలిసి మొహాలు వాడిపోతాయి. రెండు వారాలు ఆపి, ఒక్కొక్కటే తిరిగి మొదలుపెట్టి చూడండి. మీకు పడనిది మాత్రమే మానండి. కండక్టరమ్మకి టీ పడదు, పులుసు పడుతుంది.

రెండోసారి బ్లాక్ ఆరు నెలలకి చేశాం. ఇప్పుడు ఆమెకి నొప్పి లేదా అంటే, ఉంది. కానీ ట్రిప్పు మొదలు నుంచి చివరిదాకా వెళ్ళగలుగుతోంది, డ్యూటీలో ఉంది.

ప్రతిసారీ ఒక్క రోజే పనిచేసి ఆగిపోతుంటే అదే ఇంజెక్షన్ పదిసార్లు వేయించుకోకండి. స్టెరాయిడ్ కలిపి అన్నిసార్లు అసలే వద్దు. అప్పుడు పల్స్‌డ్ రేడియోఫ్రీక్వెన్సీ, కాలి మడమ దగ్గర టిబియల్ నరానికి కరెంట్ ప్రేరణ, లేదా త్రికోణం ఎముకలోని నరానికి పెట్టే పేస్‌మేకర్ లాంటి పరికరం గురించి మాట్లాడాలి. ఆఖరిది ఖరీదైనదే, కానీ ముందు తాత్కాలికంగా వైరు పెట్టి పనిచేస్తుందో లేదో చూసుకునే వీలుంది.

ప్రమాదాలు దాచను. పక్కనే పెద్ద రక్తనాళాలు ఉంటాయి, రక్తస్రావం అవ్వొచ్చు. ఇన్ఫెక్షన్ రావొచ్చు, అరుదు. మందు పొరుగు నరం మీదికి జారితే కాలు కొన్ని గంటలు బరువుగా, బలహీనంగా ఉండొచ్చు, అందుకే పక్కన మనిషి ఉండాలన్నాను. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్ళు ముందే చెప్పాలి. వాటిని ఎప్పుడు ఆపాలో గుండె డాక్టరు, మేమూ మాట్లాడుకుంటాం, మీ అంతట మీరు ఆపొద్దు. షుగర్ ఉన్నవాళ్ళకి స్టెరాయిడ్ కలిపితే కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. ఆ సమయానికి యూరిన్ ఇన్ఫెక్షన్ ఉంటే వాయిదా. గర్భం ఉండే అవకాశం ఉంటే ఎక్స్‌రే కింద చేసేది వద్దు. ఇంటికెళ్ళాక చలిజ్వరం, తగ్గని కాలి బలహీనత, మూత్రం అస్సలు రాకపోవడం, వీటిలో ఏదొచ్చినా పొద్దున చూద్దాంలే అనుకోకుండా అదే రాత్రి ఆసుపత్రికి వెళ్ళండి.

బ్లాక్‌కి ఒప్పుకునే ముందు మీ డాక్టర్ని అడగండి. ఏ నరానికి ఇస్తున్నారు, ఆ నరమే ఎందుకు? స్టెరాయిడ్ ఉందా? తగ్గితే తర్వాత ఏం చేస్తాం, తగ్గకపోతే ఏం చేస్తాం? తగ్గకపోతే ఏం చేయాలో ఆలోచించి పెట్టుకున్న డాక్టర్ అయితే ఈ ప్రశ్నకి విసుక్కోడు. ఇంజెక్షన్‌కి ముందు మూడు రోజులు మీరు ఎన్నిసార్లు వెళ్ళారో, ఎంత వచ్చిందో, పదికి ఎంత నొప్పో ఒక నోటుబుక్‌లో రాసి పట్టుకెళ్ళండి. ముందు రోజుల లెక్క లేకపోతే తర్వాత రోజు లెక్కతో పోల్చడానికి ఏమీ ఉండదు.

వచ్చే ఎపిసోడ్‌లో మగవాళ్ళ కటి నొప్పి, ప్రోస్టేట్ అని పొరబడే నొప్పి గురించి. మీ బ్లాడర్ డైరీ ఎలా రాయాలో ఒక నమూనా పేజీ తెర మీద పెడుతున్నాం, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఉంటానండి, నమస్కారం.